మసి అద్దం

నరసాపురంలో నేను పనిచేసిన బడిలో ఒకటో తరగతి నుంచి మెట్రిక్యులేషను దాకా సైన్సు చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకి చెప్పడం లేదు, అప్పట్లో ఆ పనికి ఇంకొకరు దొరకలేదు. పొద్దున్న పలక పట్టుకోవడం అప్పుడే నేర్చిన పిల్లలకి వస్తుపాఠం. చింతగింజ చూపించి ఇది గట్టిగా ఉందా మెత్తగా ఉందా, నీళ్ళలో వేస్తే తేలుతుందా మునుగుతుందా అని అడగడం. మధ్యాహ్నం మీసాలు మొలిచిన కుర్రాళ్ళకి వెలుగు, వేడి, అయస్కాంతం. రోజూ చింతగింజ దగ్గర బయలుదేరి అయస్కాంతం దాకా వెళ్ళేసరికి గొంతు బొంగురుపోయేది. కోపం మాత్రం పొద్దున్నే వచ్చేసేది.

ఆ కోపం పిల్లల మీద కాదు, వాళ్ళ ఇళ్ళ మీద. నేను రోజంతా చెప్పింది ఇంటికెళ్ళిన అరగంటలో తుడిచిపెట్టుకుపోయేది. ఉరుము ఎందుకు ఉరుముతుందో నేనొకటి చెబితే వాళ్ళ నాయనమ్మ ఇంకొకటి చెప్పేది. మర్నాడు పిల్లలు నాయనమ్మ చెప్పిందే అప్పజెప్పేవారు. నాయనమ్మలతో పోటీపడి గెలిచిన మేష్టరు ఇంతవరకు పుట్టలేదు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు, ఆ సంగతి తెలియదు. గెలిచి చూపిద్దామనుకున్నాను. ఒక పిల్ల కళ్ళూ, ఆ పిల్ల తల్లి బతుకూ నా పంతానికి బలైపోయాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పిల్ల మూడో తరగతి. చిన్న తరగతుల్లో ఒకరిద్దరు ఆడపిల్లలు కూడా వచ్చేవారు. తండ్రిది కాలవ కింద కొద్దిపాటి వ్యవసాయం. తల్లి లేసు అల్లేది. మా ఊళ్ళో అప్పటికే చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు వంటపని అయ్యాక వెలుతురున్న చోటు చూసుకుని కూర్చుని, కొక్కెం సూదితో తెల్లదారం లేసు అల్లి వర్తకులకి ఇచ్చేవారు. ఈ పిల్ల తల్లి పక్కన కూర్చుని చూసి చూసి ఆ పని పట్టేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల అల్లిన పువ్వుకి రేకలన్నీ ఒక్క కొలతలో ఉండేవి. బడిలో పలక మీద ఆకు గియ్యమంటే ఈనెలతో సహా గీసేది. మిగతావాళ్ళు గీసింది ఆకో, చేపో, చెప్పో తేలేది కాదు. నాకు ఆ పిల్లంటే చాలా ఇష్టం. ఇష్టమైన పిల్లకే ఎక్కువ పని చెబుతాం, అది మేష్టర్లకున్న జబ్బు.

ఆ ఏడు సూర్యగ్రహణం ఉందని పంచాంగంలో ముందే చెప్పారు. మా ఊరికి సంపూర్ణం కాదు గాని సగానికి పైగా పడుతుంది. పట్టేది మధ్యాహ్నం పూట. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు.

ముందు రోకలి సంగతి తేల్చేశాను. గ్రహణం పట్టిందో విడిచిందో తెలుసుకోవడానికి మా వైపు ఇళ్ళలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ అది తనంతట తాను నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. నేను నాలుగు రోజుల ముందే బడికి పళ్ళెం, రోకలి తెప్పించి, ఏ గ్రహణమూ లేని పట్టపగలు మూడో తరగతి ముందు నిలబెట్టాను. కింద తొడిగిన ఇనప పొన్ను చదునుగా ఉంటే, మనకి కాస్త ఓపిక ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ఊళ్ళో సగం ఇళ్ళలో పిల్లలు రోకళ్ళు నిలబెట్టి పెద్దవాళ్ళ చేత తిట్లు తిన్నారు. మర్నాడు ఆ పిల్ల వచ్చి, "మా నాయనమ్మ రోకలి లాగేసుకుందండి. మీ పంతులు రోకలి వేరు, మన రోకలి వేరు అందండి" అని చెప్పింది. తరగతంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

ఆ నాయనమ్మే ఇంటికి పెద్ద. కోడలు, అంటే పిల్ల తల్లి, ఆవిడ ముందు గట్టిగా దగ్గి ఎరగదు.

తరవాత అద్దాలు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు పోతాయని నాకు తెలుసు. అద్దానికి దీపపు మసి పట్టించి అందులోంచి చూడాలని నా దగ్గరున్న పుస్తకంలో ఉంది. ఎలా పట్టించాలో కూడా ఉంది. మసి దట్టంగా, అంతటా సమంగా ఉండాలి. దాని మీద ఇంకో అద్దం మూతలా పెట్టి, చేతులు తగిలి మసి లేచిపోకుండా అంచుల చుట్టూ కాయితం అంటించాలి. పై తరగతి కుర్రాళ్ళ కోసం అలాంటివి ఆరు నా చేత్తోనే చేశాను. అక్కడికి మంచి అద్దాలు అయిపోయాయి. చిన్నపిల్లలు ఎంతసేపు చూస్తారులే, ఒకసారి చూసి ఆటకి పోతారు అనుకున్నాను. పగిలిన లాంతరు చిమ్నీలు, కిటికీ అద్దం పెంకులు పోగుచేసి, అంచులు అరగదీసి, ఆముదం దీపం మీద వాళ్ళ చేతే మసి పట్టించాను. మూత లేదు, కాయితం లేదు. పుస్తకంలో ఆ వాక్యం చదవలేదని బొంకలేను. చదివాను, కింద గీత కూడా గీశాను.

గ్రహణం రోజు బడికి సెలవు. ఇష్టమైనవాళ్ళు రావచ్చని చెప్పి పెద్ద మేష్టరుగారి చేత ఒప్పించాను. ఊరంతా తలుపులు వేసుకుంది. మా ఇంట్లోనే ఆవకాయ జాడీ మీద, నీళ్ళబిందె మీద దర్భలు పడ్డాయి. నేను చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ మొహం తిప్పుకుంది. బడికి ఇరవైమంది దాకా వచ్చారు. వాళ్ళలో ఆడపిల్ల ఆ పిల్లొక్కతే.

పట్టు ఇంకాసేపట్లో ఉందనగా తల్లి వచ్చింది. కొంగు తలమీదుగా కప్పుకుని గేటు బయటే నిలబడింది.

"పంతులుగారండీ, పిల్లని పంపించేయండి. మా అత్తగారు ఇల్లు పీకి పందిరేస్తున్నారండి."

"ఏంటమ్మా నీ భయం? నేనుండగా ఏమవుతుంది?"

"నాకేం తెలుసండి. అంతగా చూడాలంటే పళ్ళెంలో పేడనీళ్ళు పోసి అందులో నీడ చూడాలి గాని, మొహం ఎత్తి చూడకూడదంటారండి."

"సూర్యుడికి పేడనీళ్ళలో మొహం చూసుకునే ఖర్మ పట్టలేదు తల్లీ" అన్నాను. వెనకాల పెద్ద కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది. "ఇవాళ గ్రహణం బొమ్మ నీ కూతురే గీస్తుంది. ఇన్స్పెక్టరు దొరగారికి చూపిస్తాను. నా మాట మీద ఉంచు."

ఆవిడ కూతురి వైపు చూసింది. పిల్ల ఒక చేతిలో పలక, ఒక చేతిలో అద్దం పెంకు పట్టుకుని ఉంటానన్నట్టు తల ఊపింది.

"సరేనండి. మీ మాట మీదే ఉంచుతున్నానండి" అని ఆవిడ వెళ్ళిపోయింది. అత్తగారి మాట దాటడం ఆవిడకి పెళ్ళయ్యాక అదే మొదటిసారని నాకు తరవాత తెలిసింది.

పై తరగతివాళ్ళు నా ఆరు అద్దాల్లోంచి వంతులవారీగా చూశారు. చిన్నవాళ్ళు తమ పెంకుల్లోంచి ఒకసారి చూసి, "కొరికేశాడండీ!" అని కేకలు పెట్టి, వసారాలో గోళీలాటకి పోయారు. నేననుకున్నట్టే జరిగింది, ఆ పిల్ల విషయంలో తప్ప. ఆ పిల్లకి నేను పని అప్పజెప్పాను. సూర్యుడు ఎంత తరిగాడో గంటకి నాలుగుసార్లు చూసి, పలక మీద గుండ్రం గీసి, కొరికిన మేర నింపాలి. అంచు సరిగ్గా కుదిరేదాకా వదలని పిల్ల. చూసేది, గీసేది, సరిపోలేదని చెరిపేది, మళ్ళీ చూసేది. మసి అంటిన వేళ్ళతోనే పలకా అద్దమూ మార్చి మార్చి పట్టుకుంది.

బడి వసారాకి తాటాకు కప్పు. చిల్లుల్లోంచి నేలమీద ఎప్పుడూ గుండ్రటి ఎండచుక్కలు పడుతుండేవి. గోళీ వెతుక్కుంటున్న కుర్రాడొకడు, "పంతులుగారండీ, నేలంతా చంద్రవంకలండీ!" అని అరిచాడు. నిజమే, ప్రతి చుక్కా వంక తిరిగి ఉంది. చిల్లులోంచి పడే వెలుగు సూర్యుడి బొమ్మే. పై తరగతికి ఏటా నేను చెప్పే పాఠమది, అట్టపెట్టెకి సూదితో బెజ్జం పెట్టి మరీ చూపిస్తాను. ఎవరి కంటికీ హాని లేకుండా వందల సూర్యుళ్ళు మా కాళ్ళ దగ్గర పడి ఉన్నారు. పలక కింద పెట్టి వాటిని దిద్దుకుంటే సరిపోయేది. నేను మాత్రం, "నేలచూపులేంట్రా, పైకి చూడు" అన్నాను.

గ్రహణం బాగా ముదిరాక పిల్ల నా దగ్గరకొచ్చింది.

"పంతులుగారండీ, పలక మీద చుక్క కనబడుతోందండి."

"ఏం చుక్క?"

"తెలీదండి. తుడిచినా పోవట్లేదండి. ఎటు చూస్తే అటొస్తోందండి."

"ఎండలోకి చూశావుగా, కాసేపటికి అదే పోతుంది. ఇంకా రెండు బొమ్మలున్నాయి, కానియ్యి."

కానిచ్చింది. ఆ రెండూ వంకరగా వచ్చాయి. శ్రద్ధ తగ్గిందని కసిరాను కూడా.

విడుపయ్యాక పిల్లలు గోదారి స్నానాలకి పరిగెత్తారు. నేను అద్దాలు పోగుచేశాను. ఆ పిల్ల అద్దం వెలుతురుకి పెట్టి చూశాను. వేళ్ళు ఆనినచోటల్లా మసి లేచిపోయింది. మధ్యలో గీరలు గీరలుగా అవతలి గోడ స్పష్టంగా కనబడుతోంది. తిన్నగా బావి దగ్గరకి పట్టుకెళ్ళి అన్ని అద్దాలూ కలిపి బూడిదతో తోమి కడిగేశాను. ఆ పిల్లకి ఏమైందో అప్పటికి నాకు తెలియదు. అయినా కడిగాను.

చుక్క పోలేదు. వారం తిరిగేసరికి ఊరంతా తెలిసింది. పిల్లకి పక్కలు కనిపిస్తాయి, చూసినచోటే కనిపించదు. ఎవరి మొహంలోకైనా చూస్తే చెవులూ జుట్టూ ఉంటాయి, మొహం ఉండదు. అక్షరం మీద దృష్టి పెడితే అక్షరం మాయం. కొక్కెం దారాన్ని పట్టుకునే చోటు సరిగ్గా ఆ మసక కిందే పడుతుంది. నడవగలదు, నీళ్ళు తేగలదు, పేడ ఎత్తగలదు. చదువూ లేసూ పోయాయి. ఏ రెండు పనుల్లో అందరికన్నా ముందుందో ఆ రెండే పోయాయి.

ధర్మాసుపత్రికి తీసుకెళ్ళారు. కంట్లో పువ్వు లేదు, పొర లేదు, ఎరుపు లేదు. పైకి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. కంటి లోపల, వెనకవైపు ఏమైందో చూసే సాధనం అక్కడ లేదు. జబ్బు ఇదీ అని తేలకపోయేసరికి దానికి ఊరే పేరు పెట్టింది. గ్రహణ దోషం. రాహువు నీడ పిల్ల కళ్ళలో నిలిచిపోయింది. ఎవరి వల్ల? పట్టు వేళ పిల్లని గుమ్మం దాటించిన తల్లి వల్ల.

నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇరవైమంది పిల్లలు చూశారు, మిగతా ఎవరికీ ఏమీ కాలేదు, కాబట్టి తప్పు అద్దాలది కాదు, మేష్టరుది కాదు. ఇదీ ఊరి తర్కం. ఒకదానితో ఒకటి పోల్చి చూడమని వాళ్ళ పిల్లలకి నేర్పింది నేనే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు నా కన్నా నయం. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

నెల తిరిగాక పిల్ల తండ్రి కబురు పెట్టాడు. వెళ్ళాను. అరుగు మీద నాకు చాప వేశారు. నాయనమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తండ్రి నిలబడే మాట్లాడాడు. లోపలి తలుపు ఓరగా వేసి ఉంది, దాని వెనక గాజుల చప్పుడైంది. తల్లి అక్కడుందని అర్థమైంది.

నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అద్దానికి మసి సరిగ్గా నిలవలేదు. పని అప్పజెప్పి నేనే అంతసేపు చూపించాను. చుక్క కనబడుతోందని పిల్ల చెబితే వినలేదు. తప్పు నాది. నాలుగే ముక్కలు.

"పంతులుగారండీ" అన్నాడు తండ్రి. "మీరు శాస్త్రాలు చదువుకున్నోరు. మా పురోహితులుగారు ఇది గ్రహణ దోషమేనన్నారండి. మా అమ్మా అదే అంటోందండి. మా ఇంటిదాన్ని తిట్టనోళ్ళు లేరండి. అది మాత్రం ఒకటే మాట. గ్రహణమంటే ఉత్త నీడేనని పంతులుగారు చెబుతారుగా, ఆయన్నడగండి, ఆయన దోషం కాదంటే నేను కాదనే నమ్ముతానంటోందండి. మీరే చెప్పండి. దోషమేనంటారా?"

అంత సూటి ప్రశ్న నన్ను ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. జవాబు నాకు తెలుసు. కాదు. ఒక్క మాట. కాని కాదంటే వెంటనే 'మరేంటండీ?' అని వస్తుంది. అదేమిటో చెబితే రేపటినుంచి నా తరగతులకి పిల్లలు రారు. పెద్ద మేష్టరుగారు నన్ను ఉంచరు. ఇన్స్పెక్టరు దొర వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఇవన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. నాయనమ్మ నా వైపే చూస్తోంది. నన్ను ఓడించానన్న సంతోషం ఆవిడ మొహంలో లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమోనండీ" అన్నాను. "అన్నీ మన శాస్త్రాలకి అందవు గదా. పెద్దలు ఊరికే అనరు."

తండ్రి తల వంచుకున్నాడు. "అంతేలెండి. మీరే అలా అన్నాక ఇంకేముందండి" అన్నాడు. తలుపు వెనక ఆవిడ లోపలికి నడిచి వెళ్ళిపోవడం వినిపించింది.

ఊళ్ళో ఏ పురోహితుడూ, ఏ నాయనమ్మా చెయ్యలేని పని నేను చేశాను. ఆ ఇంట్లో దోషాన్ని నమ్మని మనిషి ఒక్కతే మిగిలింది. ఆవిణ్ణి కూడా నమ్మించాను.

ఆ తరవాత ఆవిడ ఉప్పు మానేసింది. ప్రతి అమావాస్యకీ కటిక ఉపవాసం. పడవ మీద పట్టిసీమ వెళ్ళి వీరభద్రుడికి మొక్కు చెల్లించుకొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఆవిడ ఎదురైతే పక్కకి తప్పుకునేవారు. సీమంతాలకి పిలవడం మానేశారు. ఇవన్నీ మా ఆవిడ పేరంటాలకి వెళ్ళొచ్చి చెప్పేది.

ఒకసారి వెళ్ళొచ్చి పసుపు కాళ్ళతో గుమ్మంలోనే నిలబడి, "ఆవిణ్ణి ఇవాళ గడప అవతల కూర్చోబెట్టి తాంబూలం ఇచ్చారండి. చూళ్ళేకపోయాను. మీరు ఇవేవీ నమ్మరు గదా, వెళ్ళి నలుగురిలో ఒక్క మాట చెప్పకూడదూ?" అంది.

"ఆడవాళ్ళ గొడవలు నాకెందుకు?" అని గయ్యిమన్నాను. ఆవిడ బిత్తరపోయింది. గ్రహణాలూ దోషాలూ అంటే చాలు గంటసేపు ఉపన్యాసం చెప్పే మనిషినాయె. ఆ రోజునుంచి మా ఇంట్లో కూడా ఆ మాట ఎత్తడం మానేశారు.

దొర వచ్చాడు. ఆ పిల్ల పలక మీది బొమ్మలు నేను అప్పుడే కాయితం మీదికి ఎక్కించి పెట్టుకున్నాను. వంకరగా వచ్చిన చివరి రెంటినీ సరిచేశాను. మూడో తరగతి పిల్ల గీసిందంటే ఆయన ఆశ్చర్యపోయి, పిల్లని చూపించమన్నాడు. ఒంట్లో బాగుండక రాలేదని చెప్పాను. నా గురించి నాలుగు మంచి ముక్కలు రాసి వెళ్ళాడు. పెద్ద మేష్టరుగారు అందరి ముందూ అది చదివి వినిపించారు. నేను వినయంగా తల వంచుకుని నిలబడ్డాను.

ఆరేళ్ళు గడిచాయి. ఏటా పై తరగతికి కన్ను పాఠం వచ్చేది. కంటి వెనక పలచటి తెర ఉంటుందని, మనం దేన్ని చూస్తే దాని బొమ్మ ఆ తెర మధ్యన పడుతుందని చెప్పేవాణ్ణి. భూతద్దంతో ఎండని ఎండుటాకు మీద పట్టి కాల్చి చూపించేవాణ్ణి. పొగ లేవగానే కుర్రాళ్ళు ముందుకి వంగేవారు. నేను మాత్రం ఆ ఆకు వైపు చూడలేకపోయేవాణ్ణి. ఒక ఏడు ఆ పాఠం చదువుకోమని చెప్పి వదిలేశాను.

రేవులోనో, సంత దారిలోనో అప్పుడప్పుడు ఆ తల్లి ఎదురయ్యేది. నాకు దణ్ణం పెట్టి పక్కకి నిలబడేది. ఏళ్ళు గడుస్తున్నకొద్దీ బాగా చిక్కిపోయింది. చెప్పాలి, ఇవాళ చెప్పాలి అనుకుంటూనే, "పిల్ల బాగుందా అమ్మా?" అని అడిగి వచ్చేసేవాణ్ణి. "మీ దయవల్ల బాగుందండి" అనేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు. మర్నాటికి సయించేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, దానికీ పడ్డాను.

చివరికి చెప్పాను. నాలో ధర్మం మేలుకుని చెప్పానని అనుకోకండి. రాజమండ్రిలో వేరే బళ్ళో ఉద్యోగం ఖాయమైంది. ఆ కాయితం చేతికొచ్చాకే నాకు ధైర్యం వచ్చింది. ఇంక ఆ ఊళ్ళో నాకు పోయేదేమీ లేదు. సామాను కట్టడం అయ్యాక, పడవకి ఇంకో రోజుందనగా, ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను.

నాయనమ్మ అంతకుముందు ఏడే పోయింది. తండ్రి పొలానికి వెళ్ళాడు. తల్లి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. నన్ను చూసి లేచి చాప వేసింది. కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. పుస్తకంలో ఏముందో, నేను చెయ్యకుండా వదిలిందేమిటో చెప్పాను. పిల్ల వచ్చి చుక్క సంగతి చెబితే నేను అన్న మాట చెప్పాను. మసి లేచిపోయిన అద్దం చూసి కూడా బావి దగ్గర కడిగేశానని చెప్పాను. "దోషం లేదమ్మా, గీషం లేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. తప్పంతా నాది" అన్నాను.

ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. కోప్పడుతుందని, శాపనార్థాలు పెడుతుందని ఎదురుచూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఊరొదిలి వెళ్తున్నారని విన్నానండి" అంది. "వెళ్ళేముందు నా మనసు తేలిక చేద్దామని వచ్చారు. ఎంత మంచోరండి."

"మంచితనం కాదమ్మా. జరిగింది చెబుతున్నాను."

"నా మీది మాట మీ నెత్తిన వేసుకోకండి పంతులుగారండీ. ఆ రోజు మా ఆయన మిమ్మల్ని అడిగినప్పుడు నేను తలుపు వెనకాలే ఉన్నానండి. కాదంటారేమోనని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డానండి. మీరు అనలేదు. ఇదే నిజమైతే అప్పుడే చెప్పేద్దురు గదండీ. తెలిసి తెలిసి ఒక ఆడదాన్ని ఇన్నేళ్ళు ఇలా చూస్తూ ఊరుకునే మనిషా మీరు? కాదండి. నాకు తెలుసండి."

నేను అలాంటి మనిషినేనని చెప్పాలి. నోరు తెరిచాను. ఆవిడ నా మొహంలోకి అంత నమ్మకంగా చూస్తోంది. ఆ ఊళ్ళో నన్ను అలా చూసే మనిషి ఇంకొకరు లేరు. ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. సిగ్గులేకుండా రాస్తున్నాను, అదే కారణం. మాట మింగేశాను.

ఆవిడ లోపలికి తిరిగి, "అమ్మాయ్, పంతులుగారికి బొండాం కొట్టి తీసుకురా. మనింట్లో మంచినీళ్ళు తాగరు" అని కేకేసింది.

పెరట్లోంచి ఆ పిల్ల వచ్చింది. పదిహేనేళ్ళది, తల్లి కన్నా పొడుగైంది. బొండాం మీద ముందు చేత్తో తడిమి చూసుకుని, తల పక్కకి తిప్పి, కత్తితో మూడు దెబ్బల్లో కొట్టింది. రెండు చేతులతో నాకు అందించింది. నా మొహం చూడటానికి నా భుజం వైపు చూస్తూ, "ఎండన పడొచ్చారు, తాగండి పంతులుగారండీ" అంది.

తాగాను.